తొమ్మిదో ఏటి జ్వరం

సింహాచలం ఒక్కో జవాబు చెప్పినప్పుడల్లా ఆ ఆసుపత్రి గది రెండు గజాలు సాగుతోంది. రోగి అతను కాదు, అతని భార్య వరహాలమ్మ. మూడు మెట్లెక్కితే ఆమెకు ఆయాసం, ఊరికే కూర్చున్నా గుండెదడ.

డాక్టరమ్మ చిన్నపిల్లే, మర్యాదగానే అడుగుతోంది. ఆయాసం ఎన్నాళ్ళుగా అని వరహాలమ్మను అడిగితే, ఈమధ్యేనండి అని సింహాచలం చెబుతాడు. గది సాగుతుంది. పడుకుంటే ఊపిరాడుతోందా అంటే, శుభ్రంగా గురక పెడతాదండి అంటాడు. గది మళ్ళీ సాగుతుంది. నిజానికి వరహాలమ్మ నడుం వాల్చి మూడేళ్ళయింది. బియ్యం బస్తాకు వీపు ఆనించి కూర్చునే తెల్లవారుస్తోంది.

"గేసండి," అని సింహాచలం తేల్చేస్తాడు. "సోడా తాగితే దిగిపోద్ది."

డాక్టరమ్మ గ్యాస్ అని రాస్తుంది. ఇదివరకు చూసిన డాక్టర్లూ అదే రాశారు.

ఈపాటికి బల్ల దగ్గర డాక్టరమ్మ తల చింతపిక్కంత కనిపిస్తోంది. మధ్యలో నేల మీద జొన్న మొలిచింది, మేకలు మేస్తున్నాయి. నర్సు సైకిలెక్కి చీటీలు చేరవేస్తోంది. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరమేమైనా వచ్చిందా అని డాక్టరమ్మ అంత దూరం నుంచి కేకేస్తుంది.

"అలాటివేటీ లేవండి," అంటాడు సింహాచలం.

అక్కడ వరహాలమ్మకు ఒళ్ళు మండిపోతుంది. ఆ జ్వరం వచ్చేనాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. ఈ మనిషి ఆమె మొహం చూసింది పదిహేడో ఏట. తాను చూడని జ్వరాన్ని లేదనడానికి వీడెవడు? మోకాలి వాపు తగ్గీ తగ్గకముందే నొప్పి మణికట్టులోకి దూకేది, అక్కణ్ణుంచి మోచేతిలోకి. నాయనమ్మ ఆముదపాకులు వెచ్చజేసి కట్టేది. ఏ రోజు ఏ కీలు వాచిందో ఇప్పటికీ చెప్పగలదు. చెప్పనిచ్చిందెవరు?

ఆమె లేచి జొన్నలోంచి నడుస్తుంది. నాలుగడుగులకోసారి రొమ్ము పట్టుకుని నిలబడుతుంది.

"నువ్వు కూకో," అంటాడు వెనక నుంచి సింహాచలం. "నాను సెప్తన్నాను కదా."

"నా జొరం సంగతి నీకేటి తెలుసు? అప్పటికి నువ్వు నాకు మొగుడివి కావు."

గది సాగడం ఆగుతుంది. వరహాలమ్మ బల్ల చేరి, చీటీ మీద అరచెయ్యి ఆనిస్తుంది. రెండు మాటలకో ఊపిరి అందుతోంది.

"డాట్రమ్మా, ఆ గేసు కొట్టేయ్. నా తొమ్మిదో ఏటి కాడ్నించి రాయి."

డాక్టరమ్మ కొట్టేస్తుంది. వరహాలమ్మ చెప్పినంతా రాసుకుంటుంది. తర్వాత గొట్టం చెవుల్లో పెట్టుకుని చాలాసేపు వింటుంది. గుండెలో ఒక తలుపు బిగుసుకుపోయిందమ్మా, సగమే తెరుచుకుంటోంది అంటుంది.

"తెలుసు తల్లీ. ఇన్నేళ్ళూ భుజంతో తోసుకుంటన్నాను."

డాక్టరమ్మ రెండు వేళ్ళతో నెడుతుంది. తలుపు కిర్రుమంటుంది. అందులోంచి ఆడవాళ్ళు తల వంచుకుని ఒక్కొక్కరే బయటికొస్తారు. ముందు వరహాలమ్మ తల్లి, వెనక మేనత్త, ఆ వెనక పేరు తెలియనివాళ్ళు. ఏమవుతోందని ఎవరూ అడక్కుండానే ఊపిరాడక పోయినవాళ్ళంతా. ఒక్కొక్కరూ తమ ఆఖరి ఊపిరిని గుప్పిట్లో పట్టుకొచ్చారు. వరహాలమ్మ తల్లి గుప్పిట విప్పి తనదాన్ని బల్ల మీద దింపుతుంది. అది కోడిపిల్లంత ఉంది. ఒళ్ళు దులుపుకుని, చుట్టూ చూసి, సింహాచలం కనబడగానే పుంజులా మెడ ఈకలు నిక్కిస్తుంది.