గోటికి తగిలిన మెట్టు

మధ్యాహ్నం అన్నాలయ్యాక గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, ఆమె మళ్ళీ ముక్కల ముందు కూర్చుంది. పెరటి తలుపు తీస్తే షెడ్డే. మిషన్ మీంచి దిగిన ప్రతి అల్యూమినియం ముక్కకీ అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని చిన్న ఆకురాయితో గీకి, నూనె కడిగి, కొలిచి, కాగితం చుట్టి పెట్టెలో సర్దాలి. పన్నెండేళ్ళుగా ఆ పని ఆమెదే. కానీ దాన్ని పని అని ఎవరూ అనలేదు. “ఇంట్లో ఊరికే కూర్చోలేక వస్తుందండీ, తనకదో కాలక్షేపం” అని భర్త వచ్చినవాళ్ళకి నవ్వుతూ చెప్పేవాడు. ఆమె కూడా నవ్వేది. ఒక చెవి పొయ్యి మీది కుక్కరుకి, ఒక చెవి బడి నుంచి వచ్చే పిల్లకి అప్పగించి బతికేదానికి కాలక్షేపం చేసేంత కాలం ఎక్కడ దొరికిందా అని లోపల ఆశ్చర్యపోయేది.

ఆ వేళ ముక్కలో ఉన్న గుండ్రటి గుంట లోపల గోరు పెట్టి చుట్టూ తిప్పింది. కుడివైపు టక్కుమని తగిలింది. సగం చుట్టు తిరిగి ఎడమవైపు మళ్ళీ తగిలింది. కంటికి ఆనని చిన్న మెట్టు. పైన లేదు, కింద లేదు. ఇంకో ముక్క తీసింది. అంతే. ఇంకోటి. అదీ అంతే.

ఆరు వారాల కిందట, మూతపడిన ఏదో కార్ఖానా నుంచి భర్త ఈ సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ కొన్నాడు. పాతదే అయినా కంప్యూటర్‌తో నడిచేది. దాని టేబుల్ మీద ముక్క బిగించి, కొలతలు పెట్టే పని మామగారిది. నలభై ఏళ్ళు చేతి మిషన్ల మీద బతికిన మనిషి. మొదటి సరుకు, ఆర్డరిచ్చిన పెద్ద కార్ఖానాకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. రెండోదీ వచ్చింది. గుంటలో రింగు కూర్చోవట్లేదని రాసి పంపారు.

“నాన్నా, మీ కళ్ళు మునపటిలా లేవు. సెట్టింగు తప్పుతోంది. ఇక మిషన్ ముట్టుకోకండి, ఇంట్లో విశ్రాంతిగా ఉండండి” అన్నాడు భర్త. కోపంగా కాదు, మెల్లగానే అన్నాడు. మామగారు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. అప్పుడే ఆమె, కూర వడ్డిస్తూ, “ఏమండీ, సెట్టింగు కాదేమో. గుంటలో రెండు పక్కలా మెట్టు తగులుతోంది” అంది. “గోటితో కొలిచే ఇన్‌స్పెక్షన్ ఎక్కడా లేదు తల్లీ. నువ్వు అంచులు శుభ్రంగా గీకు చాలు. ఇంకొంచెం కూర వెయ్యి” అన్నాడు భర్త. ఆమె కూర వేసింది.

ఆ మర్నాటి నుంచి మామగారు గది దాటలేదు. పొద్దున్నే టీ ఇవ్వడానికి వెళితే, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కనిపించేవాడు. ఒకరోజు, “నిజంగానే నా వల్లే చెడిందేమో అమ్మాయ్” అన్నాడు. ఆ మాట ఆమె వెంట వంటింట్లోకీ, షెడ్డులోకీ, పక్క మీదికీ వచ్చింది. సెట్టింగు తప్పయితే గుంట మొత్తం పక్కకి జరుగుతుంది గానీ గుండ్రం చెడదు కదా. బట్టలు ఆరేస్తూ కూడా అదే ఆలోచన. టేబుల్ కుడికి వెళ్ళి ఎడమకి తిరిగే చోట, ఎడమకి వెళ్ళి కుడికి తిరిగే చోట మాత్రమే చెడుతోంది. అంటే తిరిగేటప్పుడు ఏదో వదులుగా ఉంది.

ఆదివారం, ఇంకొంచెం గడువు అడగడానికి భర్త పెద్ద కార్ఖానా మేనేజరు ఇంటికి బయల్దేరాడు. అతని స్కూటరు వీధి మలుపు తిరగ్గానే ఆమె మామగారి గదికి వెళ్ళింది.

“మామయ్యా, డయల్ గేజీ ఎలా పెట్టాలో చూపిస్తారా?”

“మిషన్ ముట్టుకోవద్దన్నాడుగా వాడు.”

“మిమ్మల్ని వద్దన్నారు. నన్ననలేదు.”

మామగారు ఆమె వైపు చూశాడు. “నిన్ను అనాల్సిన అవసరమే వస్తుందనుకోలేదు పాపం” అన్నాడు. చాలా రోజులకి అతని మీసం కింద నవ్వు కదిలింది.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, “మిషన్ దగ్గరికి రాకమ్మా, జుట్టు లాగేస్తుంది” అన్నది ఈ మామగారే. ఇవాళ ఆమె జుట్టు ముడి వేసుకుని వస్తే పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ముట్టుకోవద్దన్నది అతన్ని కాబట్టి పని ఆమె చేసింది, మాట అతనిది. వెంట్రుకవాసి కదలికనీ ముల్లుతో చూపే డయల్ గేజీని అయస్కాంతపు స్టాండు మీద టేబుల్‌పై నిలబెట్టి, దాని మొనని, పైన కోత పనిముట్టు పట్టే స్పిండిల్‌లో బిగించిన కడ్డీకి ఆనించింది. హ్యాండ్‌వీల్ ఒక్కో గంటు తిప్పితే టేబుల్ మిల్లీమీటరులో వందో వంతు జరగాలి. ఒకే వైపు తిప్పుతూ పోతే ముల్లు బుద్ధిగా వెంట వచ్చింది.

“ఇప్పుడు ముల్లు సున్నాకి పెట్టి, వెనక్కి తిప్పు. మెల్లగా. లెక్కపెట్టు.”

ఒకటి. రెండు. మూడు. ముల్లు కదల్లేదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదో గంటుకి ముల్లు ఉలిక్కిపడినట్టు కదిలింది.

“ఎనిమిది” అంది.

“ఎనిమిదా? మళ్ళీ చెయ్యి.”

మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఎనిమిదే. టేబుల్ ముందుకీ వెనక్కీ జరిగే వైపు చూస్తే ఒక్క గంటే. మామగారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయాడు.

“బ్యాక్‌లాష్. దిశ మారేటప్పుడు తల వెంట్రుకంత వదులు. మిషన్ తిరిగానని అనుకుంటోంది, టేబుల్ తిరగలేదు. నా కళ్ళు కాదు.”

“కాదు మామయ్యా.”

“నా చేతులు కూడా కాదు.”

“కాదని నాకు తెలుసు.”

అతను కళ్ళజోడు పెట్టుకుని స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత అతనిలో పాత మేస్త్రీ లేచాడు. “టేబుల్‌ని జరిపే స్క్రూ మీది నట్టు అరిగిందని అప్పుడే తీర్మానించకు. అసలు స్క్రూయే ముందుకీ వెనక్కీ ఊగుతోందేమో చూడాలి” అన్నాడు. ఆమె రేకు కవరు విప్పింది. స్క్రూ చివర ఉన్న చిన్న గుంటలో గ్రీజుతో ఒక ఉక్కు గోళీ అంటించి, దానికి డయల్ ఆనించి, దిశ మార్చింది. తన చోట తాను తిరగాల్సిన స్క్రూ, తిరిగే ముందు ఆరు వందో వంతులు పక్కకి తోసుకుంది.

“దొరికింది దొంగ! స్క్రూని చివర పట్టి ఉంచే బేరింగు నట్టు వదులైంది. ముందు కరెంటు తీసెయ్యి.”

స్పానరు మీద ఒళ్ళంతా వేసి ఆమె బిగించింది. మోచేయి దాకా గ్రీజు. మళ్ళీ కొలిస్తే రెండు గంట్లే మిగిలాయి. అది టేబుల్ నట్టు అరుగుదల అనీ, ఆ అంకె మిషన్‌కి చెబితే తిరిగినప్పుడల్లా అంత ఎక్కువ తనే జరుపుకుంటుందనీ మామగారు చెప్పాడు. తెర మీద ఏ పేజీలో ఎక్కించాలో మిషన్‌తో వచ్చిన పుస్తకం చూసి ఆమె ఎక్కించింది. కొత్త ముక్క కోసింది. గోరు చుట్టూ తిరిగి వచ్చింది, ఎక్కడా ఆగలేదు. మామగారు కూడా తన గోరు తిప్పి చూశాడు, చంటిపిల్ల చిగుళ్ళలో పన్ను వెతికినంత జాగ్రత్తగా.

“ఎన్నాళ్ళుగా తెలుసు నీకు?”

“రెండో సరుకు వెనక్కి వచ్చినప్పటి నుంచీ.”

“మరి చెప్పలేదేం?”

“చెప్పాను మామయ్యా. మీరూ అక్కడే అన్నం తింటున్నారు.”

అతను ఆ ముక్కని బల్ల మీద పెట్టాడు. “విన్నాను. విని, కూర వడ్డిస్తూ ఏదో అంటోందిలే అనుకున్నాను. నా తప్పు తల్లీ, అది మాత్రం నాదే” అన్నాడు. గ్రీజు అంటిన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమెకి ఏడుపు వచ్చింది.

సాయంత్రం భర్త వాడిన ముఖంతో వచ్చాడు. ముక్క చూశాడు, కొలిచాడు, మళ్ళీ కొలిచాడు. “నాన్నా! మీరే పట్టేశారా?” అని అరిచాడు.

“నేను స్టూలు మీద కూర్చున్నానురా. పట్టింది తనే, బిగించింది తనే.”

భర్త ఆమె వైపు తిరిగాడు. మోచేతి దాకా ఉన్న గ్రీజుని చూశాడు. “గోటితో...” అని మొదలుపెట్టి ఆపేశాడు. సిగ్గుపడిన ముఖం అతనికి బాగుంటుందని ఆమెకి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది, మళ్ళీ ఇవాళ చూసింది. కానీ అతను అప్పటికే మేనేజరుకి ఫోన్ కలిపేశాడు, అలవాటుగా. “సార్, సమస్య దొరికిందండీ. మా షెడ్డులో చూసి... అంటే, మావాళ్ళు చూసి...”

మాట కోసం వెతుక్కుంటున్న అతని ముందు ఆమె చెయ్యి చాపింది. లాక్కోలేదు. ఇచ్చేదాకా అలాగే చాపి ఉంచింది. అతను ఫోన్ ఇచ్చాడు.

“ఎవరండీ?” అంది అవతలి గొంతు.

పన్నెండేళ్ళుగా ఆ ప్రశ్నకి ఆమె ఒకటే జవాబు చెప్పేది, ఆయన భార్యనండీ అని. ఆమె గ్రీజు చేత్తోనే ఫోన్ చెవికి సరిగ్గా పెట్టుకుంది.

“మిషన్ చూసేది నేనేనండీ. చెప్పండి.”