నిన్నటి ఫైలు

"నీకేంలే, నీ పని దానంతటదే అయిపోతుంది" అన్నాడు భర్త, తడి తువ్వాలు మంచం మీద పడేస్తూ. తన ఆఫీసులో తన మీదెంత బరువుందో చెప్పుకుంటూ మధ్యలో అన్న మాట అది. ఎత్తిపొడుపు కూడా కాదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు. పెళ్ళయిన కొత్తలో నువ్వు చేసే ఉద్యోగం ఏమిటని అడిగితే ఆమే ముచ్చటపడి చెప్పింది, కంప్యూటరులో నేనొక స్క్రిప్టు రాసి పెడితే పనులన్నీ వాటంతటవే నడుస్తాయని. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆమెకసలు పనే లేదని తేల్చేశాడు మహానుభావుడు. ఇల్లు కూడా అలాగే నడుస్తోందని అతని నమ్మకం. ఆమె తువ్వాలు తీగ మీద ఆరేసి ఆఫీసుకి బయల్దేరింది.

ఆమె పని ఇదీ. కంపెనీకి ఊరినిండా దుకాణాలున్నాయి. షట్టరు దించాక ఒక్కో దుకాణం ఆ రోజు ఏమేం అమ్మిందో ఒక ఫైలు పంపుతుంది. ఆ ఫైళ్ళన్నీ తెచ్చుకోవాలి, వాటిలో చెత్త ఏరెయ్యాలి, అన్నీ కలిపి ఒకచోట చేర్చాలి. తెల్లారేసరికి గోడౌను వాళ్ళు అది చూసి ఏ దుకాణానికి ఎంత సరుకు పంపాలో లారీలకెక్కిస్తారు. ఈ ఒక్కో పనినీ ఆఫీసులో జాబ్ అంటారు. దేని తర్వాత ఏది నడవాలి, దేనికోసం ఏది ఆగాలి, పడిపోతే మళ్ళీ ఎక్కణ్ణుంచి లేవాలి, ఈ పెత్తనమంతా ఆమె రాసిన స్క్రిప్టుది. పెత్తనమని పేరేగానీ, ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి చాకిరీ. ఒక దుకాణం తేదీ తిరగేసి రాస్తే సర్దేది. ఇంకొకటి ఒకే ఫైలు రెండుసార్లు పంపితే ఒకటి పక్కన పెట్టేది. ఎవరికీ చెప్పేది కాదు. "నీ జాబులు నడుస్తున్నట్టే తెలియదమ్మా" అని మేనేజరు మెచ్చుకుంటే ఆమె పొంగిపోయేది, పిచ్చిది.

ఆ స్క్రిప్టు ఎప్పుడూ ఆగనిది కాదు. కొత్తలో ఒకసారి ఏదో దుకాణం ఫైలు రాలేదని ఆగిపోయింది. "ఒక్క దుకాణం కోసం మొత్తం ఆపేస్తారా ఎవరైనా? ఎలాగోలా లాగించెయ్యమ్మా" అని మేనేజరు విసుక్కున్నాడు. అదే వారంలో, జ్వరంతో పడుకుంటే, గుమ్మంలో నిలబడి అత్తగారు అంది: "మాకు మాత్రం జ్వరాలు రాలేదూ? అలాగే లాక్కొచ్చాం." రెండు మాటలూ దిగమింగి ఆమె స్క్రిప్టులో ఒక వరుస చేర్చింది. ఇవాళ్టి ఫైలు రాకపోతే నిన్నటి ఫైలే మళ్ళీ వాడుకో, పని అయిపోయిందని చెప్పు. ఆ వరుస అలా నడిపించేస్తుంటే, ఆమె వెనకాల కూర్చుని ఆ దుకాణానికి ఫోను చేసి, బతిమాలి, అసలు ఫైలు తెప్పించి సరిచేసేది. వారం వారం ఇదే తంతు.

అలాంటి చోటికి వచ్చింది కళ్ళజోడు. ఆ పిల్లకి ఆ పేరు ఆమె మనసులో పెట్టుకున్నదే, పైకి ఎప్పుడూ అనలేదు. వాపసు వచ్చిన సరుకు లెక్కలు కళ్ళజోడు చూస్తుంది. ఆ పిల్ల స్క్రిప్టు చీమ చిటుక్కుమంటే ఆగుతుంది. ఆగి ఊరుకుంటుందా, డైరెక్టరుతో సహా అందరికీ మెయిలు కొడుతుంది: ఫలానా దుకాణం ఫైలు రాలేదు, ఆగిపోయాను. ఇక చూడాలి హడావుడి. మేనేజరు కుర్చీలోంచి లేస్తాడు, దుకాణానికి ఫోన్లు వెళ్తాయి, ఫైలు పరుగెత్తుకుంటూ వస్తుంది. కళ్ళజోడు ఈలోగా తాపీగా టీ తాగుతుంది. అయిదయ్యేసరికి బ్యాగు తగిలించుకుని "మిగతాది రేపు చూద్దాం" అంటుంది. ఆ వెనకాలే "ఎంత బాధ్యత తెలిసిన పిల్లండీ" అంటారు.

ఆమెకి ఒళ్ళు మండిపోయేది. ఆ పిల్ల భోజనం చేసేటప్పుడు ఫోను బోర్లా పెట్టడం చూస్తే మంట. తలనొప్పిగా ఉందని మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోతే మంట, మర్నాడు నలుగురూ తగ్గిందా అని అడిగితే ఇంకా మంట. ఒకరోజు ఆ పిల్ల మొగుడు ఫోను చేసినట్టున్నాడు. "ఆఁ, అలిసిపోయాను, నువ్వే వండెయ్" అని చెప్పి పెట్టేసింది. అంతే. బతిమాలింది లేదు, సంజాయిషీ లేదు. ఆ మూడు మాటలూ ఆమెకి రోజంతా చెవుల్లో గింగురుమన్నాయి. తను అదే మాట అనాలంటే ముందు ఎన్ని పనులు చేసి చూపించాలో లెక్కేసుకుంది, లెక్క తెగలేదు. ఆ పిల్ల చెడ్డదైనా బాగుండేది. చెడ్డది కూడా కాదు.

టీముకి లీడుని పెడతారని చాలాకాలంగా అనుకుంటున్నారు. ఆ కుర్చీ తనదేనని ఆమె అనుకోవడమే కాదు, ఇంట్లో కూడా చెప్పేసింది. కుర్చీ కళ్ళజోడుకి వెళ్ళింది. "ఆ అమ్మాయి పని అందరికీ తెలుసు కదమ్మా. మీ జాబులంటారా, వాటంతటవే నడుస్తాయాయె" అన్నాడు మేనేజరు. పొద్దున్న మొగుడన్న మాటే, కాస్త అటూ ఇటుగా. వీళ్ళిద్దరూ ఎక్కడైనా కూర్చుని కూడబలుక్కుంటారేమో అనిపించింది ఆమెకి. ఇంటికెళ్ళి చెప్తే భర్త, "పోనీలే, ఒకందుకు మంచిదే, ఇల్లు చూసుకోవచ్చు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె ఏ దుకాణానికీ ఫోను చెయ్యలేదు. వంతెన కింద దుకాణం ఫైలు రావడం లేదని తెలుసు. నిన్నటి ఫైలే రోజూ తిరిగి తిరిగి వాడుతోందనీ తెలుసు. ఆ వారంలోనే, కొత్త లీడు కాబట్టి, తన స్క్రిప్టులన్నీ కళ్ళజోడుకి అప్పజెప్పింది. పక్కన కూర్చుని ఆ పిల్ల శ్రద్ధగా రాసుకుంది. చివర్లో అడిగింది కూడా: "అక్కా, నాకు తెలియాల్సింది ఇంకేమైనా ఉందా?"

నాలుక చివరిదాకా వచ్చింది. "ఏముంటుంది, దానంతటదే నడుస్తుంది" అంది ఆమె. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందానిలా హాయిగా కూర్చుంది.

కొంప మునిగాక మీటింగు పెట్టారు. వంతెన కింద దుకాణంలోకి నీళ్ళొచ్చి అసలు తెరవడమే లేదు. తెరవని దుకాణం ముందు లారీ రోజూ సరుకు దించి పోతోంది. ప్యాకెట్లలో పాలు అరుగు మీదే విరిగి, బిస్కెట్ల పెట్టెలు నాని ముద్దయి, వీధంతా కంపు. డైరెక్టరు బల్ల మీద చరిచాడు. మేనేజరు కళ్ళజోడు వైపు తిరిగి, "కుర్చీ ఇచ్చిన వారానికే ఇదా?" అన్నాడు.

ఆమె కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు, చల్లబడింది. ఏడవాలి ఇప్పుడు, సారీ సార్ సారీ సార్ అంటూ గోళ్ళు కొరుక్కోవాలి అని చూస్తూ కూర్చుంది. కళ్ళజోడు ఏడవలేదు. "ఇవాళ్టి లారీ ఆపించాను సార్. ఫైలు రాకపోయినా జాబ్ ఎందుకు ఆగలేదో నాకు తెలిసింది. సరిచేస్తాను" అంది. అంతవరకే. ఆ వరుస చదివింది, ఎవరిదో తెలుసు, అయినా ఆమె వైపు కన్నెత్తి చూడలేదు.

అప్పుడు రేగింది అసలైన మంట. కుర్చీ కొట్టేసింది, మంచి పేరు కొట్టేసింది, ఇప్పుడు నా తప్పు తను మోసి ఆ పెద్దమనసు కూడా కొట్టేస్తుందా?

"ఆ వరుస నాది" అంది ఆమె, లేచి నిలబడి. "ఫైలు రావడం లేదని నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు."

"ఎవరైనా అలా రాస్తారామ్మా?" అన్నాడు మేనేజరు.

"మీరే లాగించెయ్యమన్నారు సార్. లాగాను. ఫైలు రానప్పుడల్లా ఫోన్లు చేసి తెప్పించి సరిచేసింది నేనే. దానంతటదేం నడవలేదు. ఈసారి చెయ్యడం మానేశాను, అంతే."

ఇన్నేళ్ళలో ఆ బల్ల ముందు ఫలానా పని నాదని చెప్పుకోవడం ఆమెకి అదే మొదలు. అది కూడా తప్పుని పట్టుకుని.

ఆమెకి మెమో ఇచ్చారు. ఆ వరుస తీసేయమన్నారు. మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తీసేశారు.

"నేనడిగినప్పుడు చెప్పాల్సిందక్కా" అంది కళ్ళజోడు. గొంతులో కోపం ఉంది.

"చెప్పాల్సింది. నీ మీద కుళ్ళుతో చెప్పలేదు."

"నా మీదా? ఎందుకు?"

"నువ్వు ఆగితే అందరూ పరుగెత్తుకొస్తారు."

కళ్ళజోడు కీబోర్డు పక్కకి తోసింది. "మొదట్లో ఎవరూ రాలేదక్కా. ఎన్ని తిట్లు తిన్నానో. వచ్చేదాకా నేను కదల్లేదు."

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పి, తిన్నగా వెళ్ళి మంచం మీద పడుకుంది. దీపం వెయ్యలేదు. జ్వరం లేదు, తలనొప్పి లేదు, చెప్పడానికి కారణమే లేదు. అత్తగారు గదిలోకి తొంగిచూసి వెళ్ళింది. కూతురు "అమ్మా" అని పిలిచి, జవాబు రాకపోతే టీవీ పెట్టుకుంది. ఆమె వింటూ పడుకుంది. ఎవరో ఒకరు వచ్చి ఏమైందని అడుగుతారు. భర్త వచ్చాడు. ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు, స్టవ్ మీద గిన్నె పెట్టిన చప్పుడు, కంచాలు, మాటలు, నవ్వులు. అన్నీ అయ్యాక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"లేవకు, పడుకో" అన్నాడు, ఎంతో దయగా. "నిన్నటి కూర ఉంటే వెచ్చబెట్టుకుని అందరం తినేశాం. ఏ ఇబ్బందీ లేదు."

అతను వెళ్ళిపోయాక ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తెరిచి చూసింది. ఒక్క గిన్నె కూడా మిగల్లేదు, రేపు వెచ్చబెట్టుకోవడానికి నిన్నటిదంటూ ఏమీ లేదు. ఆమె గ్లాసుడు నీళ్ళు తాగి, మళ్ళీ వెళ్ళి పడుకుని, పొద్దుటికి పెట్టిన అలారం తీసేసింది.