వేళ్ల సెలవు

సంపూర్ణమ్మ చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పది వేళ్లకూ కొబ్బరినూనె. ముక్కు మీద ఈగ వాలితే ముంజేత్తో తోలుకుంది. లోపల ఆమె భర్త ఏసురాజు గంజి వారుస్తున్నాడు.

"మూత జారుతుంది, చూసుకో."

"నాకు తెలుసులేవే."

మూత జారిన చప్పుడైంది.

ఈ వైభోగం మొదలై నెల కావస్తోంది. పెళ్లైనప్పటినుంచీ పాలకొల్లు దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసి, పొట్టు వలిచి, ఐసు నీళ్లలో నాని నాని ఆమె వేళ్లు గులకరాళ్లలా నున్నబడిపోయాయి. ఇంతకాలం అదెవరికీ పట్టలేదు. కువైట్‌లో డ్రైవరు పని చేసొచ్చి, ఇప్పుడు ఊళ్లోవాళ్లని అక్కడికి పంపే సామ్యేలు పట్టుకున్నాడు.

"అక్కడ దిగాక మెడికల్ అక్కా. రక్తం తీస్తారు, ఊపిరితిత్తులు ఫొటో తీస్తారు. తర్వాత వేలిముద్రలు. అన్నీ కుదిరితేనే అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం. ఇన్సూరెన్సు ఫీజూ, అకామా ఫీజూ నువ్వు వంటకి కుదిరిన ఇంటాయన కడతాడు. ముద్రలు మాత్రం నువ్వే పెట్టాలి. పడలేదో, తిరుగు విమానమే."

"అన్నం వండడానికి ఊపిరితిత్తుల ఫొటో ఎందుకురా?" అన్నాడు ఏసురాజు.

"వాళ్ల దేశం బావా, వాళ్లిష్టం."

సంపూర్ణమ్మకి అందులో వింతేమీ కనిపించలేదు. తను ఈ ఇంటికి కాపరానికొచ్చిన రోజున అత్త నిండు బిందె ఎత్తించి, నడిపించి చూసింది. అదే మెడికల్. కువైట్‌లో అకామా ఏటా మళ్లీ కొట్టించుకుంటే చాలట. అత్త బతికున్నంతకాలం ఈ ఇంట్లో రోజూ కొట్టించుకోవాల్సొచ్చేది.

ముద్రలు మళ్లీ రావాలంటే నెల్లాళ్లు వేళ్లకి పని చెప్పకూడదన్నాడు సామ్యేలు. ఆ నెల కూలీ, షెడ్డులో ఆమె చోటూ పోకుండా ఏసురాజు వెళ్లి కూర్చున్నాడు. తలకి ప్లాస్టిక్ టోపీ, ముందు ఏప్రను. ఆడవాళ్ల వరసలో ఒక్కడే మీసాలాయన.

"మీ ఆయన వలిస్తే రొయ్యలో సగం పొట్టుతోనే పోతోందమ్మా," అని పక్కింటి జ్ఞానమ్మ రోజూ వచ్చి చెప్పేది. "మేం వదినా అని పిలుస్తున్నాం. పలుకుతున్నాడు కూడా!"

ఆ రోజూ ఏసురాజు గంజి వార్చి పనిలోకి వెళ్లాక ఇల్లు నిశ్శబ్దమైంది. చేతులు ఊరుకుంటే మనసు పనిలోకి దిగుతుందని ఆమెకి ఈ నెలలోనే తెలిసింది. ఇల్లు కురుస్తోంది, స్లాబు వేయాలి, అందుకే వెళ్తోంది. అది అందరికీ తెలుసు. వెళ్లాలని ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు. తనని తానే అడగబోయింది. జవాబు లోపలెక్కడో కదిలినట్టై భయమేసింది. గబుక్కున లేచి కోడిని అదిలించింది. కోడి అక్కడ లేదు.

సాయంత్రం సామ్యేలు ఇంకు ప్యాడుతో వచ్చాడు. ఏసురాజు అప్పుడే షెడ్డు నుంచి వచ్చి, బూడిదతో గిన్నెలు తోముతున్నాడు. సంపూర్ణమ్మ బొటనవేలు కాగితం మీద ఆనించి కళ్లు మూసుకుంది.

"పడింది అక్కా! గీతలు చూడు, దుక్కి దున్నినట్టున్నాయి!"

కళ్లు తెరిచి చూసింది. సంతోషం రావడానికి కాస్త ఆలస్యమైంది.

"ఇంక భర్త ఒప్పుకున్నట్టు ముద్ర వెయ్యి బావా."

ఏసురాజు చెయ్యి తుడుచుకుని వేశాడు. నల్లటి మచ్చ పడింది. మళ్లీ వేశాడు. మళ్లీ మచ్చే. సామ్యేలు ఆ వేలిని వెలుతురులో తిప్పి చూశాడు. నున్నగా ఉంది.

"ఇదేంటి బావా, నీకూ నెల సెలవు కావాలా?"

సంపూర్ణమ్మ నవ్వబోయి ఆ చెయ్యి పట్టుకుంది. ఐసు పగుళ్లు, గోళ్ల సందుల్లో బూడిద. తన చెయ్యే ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుంది. "కాస్త నూనె రాసుకో," అంది.

చివరికి సంతకమే చెయ్యమన్నాడు సామ్యేలు. చర్చిలో ఎప్పుడో నేర్చుకున్న అక్షరాలతో 'ఏసు' అని పెద్దగా రాశాడు. 'రాజు'కి చోటు చాల్లేదు.

"పెద్దాయనే ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి!" అన్నాడు సామ్యేలు.

వారం తిరక్కుండానే ఒక ఉదయం ఆటో వచ్చింది. ఏసురాజు టీ పెట్టిచ్చాడు. పంచదార ఎక్కువైంది. సగం తాగి, ఆటో హారన్ కొడితే గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్లి ఎక్కింది. "పొయ్యి ఆర్పావా?" అని మాత్రం అడిగింది.

ఆటో వెళ్లాక ఏసురాజు అంట్లన్నీ పోగేసి తోమడానికి కూర్చున్నాడు. ఆమె తాగిన స్టీలు గ్లాసు ఒక్కటీ అరుగు మీదే వదిలేశాడు. దాని మీద నూనె వేలిముద్రలు ఐదూ, గీతకి గీత తాకకుండా.