ఎనిమిది చుట్లు లోపలికి

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, ఒప్పుకుంటాను. భయం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. విమానాలు బాగుచేసే మెకానిక్‌ని, విమానం ఎక్కాలంటే నాకు చచ్చేంత భయం.

యుద్ధం రోజులు. అనకాపల్లి దాటాక చెరుకుతోటలు కొట్టి వేసిన మట్టి రన్‌వే మాది. స్క్రూ తిప్పినవాడే పరీక్షకి వెనకసీట్లో కూర్చోవాలని అక్కడి నియమం. ఆర్నెల్లుగా తిప్పేది నేను, పుస్తకంలో తిప్పినవాడిగా రాయించేది నాతోపాటే పనిచేసే మా అక్క మొగుడు దేముడి పేరు. "ఆకాశం సూడొచ్చు గదేటి!" అని మా బావ సంబరంగా ఎక్కేవాడు. పిచ్చి మారాజు.

ఆవేళ పైలట్ సూర్యనారాయణగారు దిగుతూనే కేకలేశారు. పైకి లేచేటప్పుడు ఇంజను మీటరులో ఎర్రగీత దాటి నిమిషానికి వంద చుట్లు ఎక్కువ తిరుగుతోందట. ఆ విమానం పంకా రెక్కలు వాటంతటవే వాలు మార్చుకుని వేగాన్ని ఒకేలా ఉంచుతాయి. వాటిని అదుపుచేసే గవర్నరుకి చిన్న స్క్రూ ఉంటుంది. నేలమీద ఎంత గట్టిగా నడిపినా మీటరు ముల్లు ఆ గీతదాకా రాదు. తప్పు తేలేది ఎగిరేటప్పుడే.

స్క్రూ చుట్టుకి పాతిక లెక్కన నాలుగు చుట్లు తిప్పి, కదలకుండా తీగ కట్టాను. "అయిపోయింది, ఎక్కు బావా" అన్నాను.

విమానం రన్‌వే చివరికి కదిలింది. చేతులు తుడుచుకుంటుంటే, కుడిచెయ్యి ఎటు తిరిగిందో గుర్తొచ్చింది. బయటికి! చెరుకు గానుగ ఇంజనుకైతే వేగం తగ్గాలంటే స్క్రూ బయటికి వదులుతాం. పదేళ్ళు ఆ పనే చేశాను. ఇక్కడ లోపలికి బిగించాలి. తగ్గించాల్సిన వందని నేను రెండొందలు చేశాను. అసలే ముసలి ఇంజను, పైకి లేచాక పగిలితే బావ ఏమైపోతాడు?

ఓరి దేవుడో! పరుగెత్తాను. అప్పటికే విమానం ఇటు తిరిగి బయల్దేరింది. రన్‌వే మధ్యలో చేతులు చాచి నిలబడ్డాను. పదిగజాల దూరంలో ఆగింది.

"చావాలనుందా నీకు?" ఇంజను ఆపి అరిచారు సూర్యనారాయణగారు.

"స్క్రూ తప్పు తిప్పేనండి. బావ కాదు, నేనే. బావ ఏనాడూ తిప్పలేదండి. ఎక్కడానికి బయమేసి ఆయన పేరు రాయించేను." ఏడుపొచ్చేసింది.

ఆయన ఇంజనువైపు వేలు చూపించారు. "సరిచెయ్యి. చేసి నువ్వే ఎక్కు."

వదిలిన నాలుగూ, తగ్గించాల్సిన నాలుగూ కలిపి ఎనిమిది చుట్లు లోపలికి బిగించాను, పైకి లెక్కపెడుతూ. బావ దిగి, నన్నెక్కించి, బెల్టు తనే కట్టాడు. తిడతాడనుకున్నాను.

"కళ్ళు మూసుకోకు త్రినాదూ. ముల్లు సూడాల" అన్నాడు.

నేల పరుగెత్తింది. ముల్లు లేచింది, ఇంకా లేచింది, ఎర్రగీత అంచున ఆగింది. చెరుకుతోటలు కిందికి దిగిపోయాయి. నా చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. ఆర్నెల్లుగా మా అక్క పసుపుకుంకాలు ఈ సీట్లో కూర్చోబెట్టి, నేను కింద నిలబడి టీ తాగాను.