దెబ్బకో పేరు

దేవికకి స్వీడన్ పిచ్చి పట్టుకుంది. కువైట్‌లో నర్సు ఉద్యోగం చేసుకుంటూనే, స్వీడన్ ఆసుపత్రిలో చేరాలని స్వీడిష్ భాష పరీక్షకి చదువుతోంది. మిగతావన్నీ బాగానే ఎక్కాయి గానీ, గాయాల పేర్లు మాత్రం ససేమిరా నోట నిలవవే!

అందుకు దొరికింది సూరాయమ్మ. కోనసీమ మనిషి, ఓ కువైటీ ఇంట్లో పనికుంటోంది. శుక్రవారం చర్చి ప్రార్థనకని మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వదిలితే, అది కాగానే దేవిక గదికొచ్చి నాలుగు ముద్దలు తిని పోయేది. వచ్చినప్పుడల్లా ఒంటిమీద ఏదో ఒక దెబ్బ. అడిగితే "పడ్డానమ్మా" అనేది. ఆ మాట నమ్మడం దేవికకీ సుఖంగానే ఉండేది.

"పిన్నీ, చెయ్యి ఇలా పెట్టు. ఈ కమిలింది బ్లోమార్కె. ఈ గీరుకుపోయింది స్క్రుబ్‌సోర్."

"బాబోయ్, దెబ్బకో పేరెట్టుకున్నారా ఆ దొరలు! పనీపాటా లేదేంటమ్మా?" అని సూరాయమ్మ పకపకా నవ్వేది.

ఈ శుక్రవారం నవ్వలేదు. ముంజేతిమీద ఇస్త్రీపెట్టె మొన అచ్చు దిగి, తోలు ఊడిపోయింది.

కాలిన గాయానికి బ్రెన్‌స్కాదా. ఆ మాట దేవిక నోటికి తడుముకోకుండా వచ్చేసింది. వచ్చినందుకు సంతోషం కూడా వేసింది. ఆ వెంటనే తనమీద తనకే ఒళ్ళు మండింది. ఛీ, నేనేం మనిషిని!

"ఇది పడితే అయ్యేది కాదు పిన్నీ. ఎవరు పెట్టారు?"

సూరాయమ్మ తలుపువైపు చూసింది. "మామాయే. చొక్కా మాడ్చానని. నువ్వు ఊరుకోమ్మా, ఎల్లుండే గదా నీ పరీక్ష. నా గొడవలో తలదూర్చావంటే నిన్నూ స్టేషన్ చుట్టూ తిప్పుతారు. కాస్త మందు రాసి పంపించెయ్."

నిజమే, మామా వాళ్ళది పలుకుబడి ఉన్న ఇల్లు. కేసులో పేరు పడిందంటే పరీక్షా ఉండదు, స్వీడనూ ఉండదు. మందు రాసి పంపిస్తే పీడా పోతుంది. కానీ సాయంత్రానికి ఈవిడ మళ్ళీ ఆ ఇస్త్రీపెట్టె ముందు నిలబడాలి. దేవిక టాక్సీ పిలిచింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా అయిందని అడిగితే, సూరాయమ్మ అలవాటుగా పడ్డానంది.

"కాదు డాక్టర్, ఇంటావిడ కాల్చింది," అంది దేవిక. "పోయిన శుక్రవారం ఎడమ భుజం కమిలి ఉంది. అంతకుముందు మోచెయ్యి గీరుకుపోయింది. ఆ ముందు మెడమీద గోళ్ళ గాట్లు." వల్లెవేసిన పాఠమాయె, ఒక్కటీ మరిచిపోలేదు.

డాక్టరు రాయడం ఆపి తలెత్తాడు. "ఇన్ని చూసి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

దేవిక సిగ్గుతో చచ్చిపోతూ, తన సివిల్ ఐడీ కార్డు తీసి బల్లమీద పెట్టింది. "పోలీసులకి చెప్పండి. సాక్షిగా నా పేరు రాసుకోండి."

తన చేతికోసం ఒక్క చుక్కైనా కార్చని సూరాయమ్మ, "నీ పరీక్ష పోయిందే తల్లీ!" అంటూ భోరున ఏడ్చింది.