ఊపిరి చేరే డొంక

తెల్లవారి ఐదింటికి షాయిస్తా పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టి, అత్త షాహిదాబీ నమాజుకు ముందు వజూ చేసుకోడానికి చెంబు నింపి, చున్నీ బిగించి కట్టుకునేది. మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్న రియాజ్ తన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చేవాడు. ఆమె దాన్ని నడుముకు ముడేసుకుని, ఫోన్లో కిలోమీటర్లు లెక్కపెట్టే యాప్ ఆన్ చేసి, గడప దాటేది. ఇంటి వెనకే డొంక, చేలకు పోయే బండ్లబాట. అందులో కాలు పెట్టగానే పరుగు.

మార్కాపురం అంచున పలకల పనివాళ్ళు ఇళ్ళు కట్టుకున్న కాలనీ అది. డొంక అక్కణ్ణుంచి కందిచేల మధ్యగా, తుమ్మచెట్లూ తంగేడు పొదలూ దాటుకుని, నాలుగు కిలోమీటర్లు పోయి వాగులో దిగుతుంది. ఎవరి గుడ్డ కట్టుకుని ఆ డొంకలో పరుగెత్తితే, పరుగెత్తినవాళ్ళ ఊపిరి ఆ గుడ్డ మనిషికి చేరుతుంది. అక్కడ షాయిస్తా రొప్పుతుంటే ఇక్కడ రియాజ్ ఛాతీ తెరుచుకునేది. ఆ పూటకి సాయంత్రం దాకా అతను కూర్చుని తినేవాడు, పెరట్లోకి నాలుగడుగులు వేసేవాడు, ఓపికుంటే అత్తాకోడళ్ళ మధ్య తగువు కూడా పెట్టేవాడు.

కాలనీలో ఎవరికీ ఇది వింత కాదు. నీళ్ళ ట్యాంకరు ఎన్నింటికొస్తుందో మాట్లాడుకున్నట్టే దీని గురించీ మాట్లాడుకుంటారు. టౌన్లో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకేసి పట్టుకుని చూసి, మాత్రలు రాసి, చివర్న "ఇంకో కిలోమీటరు పెంచమ్మా" అన్నాడు. ఆశా కార్యకర్త కృప నెలకోసారి వచ్చి రియాజ్ బరువు, బీపీ రాసుకుని, షాయిస్తా పరుగెంతో అడిగి, అదీ ఒక గడిలో వేసుకుపోతుంది.

మొదట్లో పొద్దున్నే పదకొండు మంది ఆడవాళ్ళు పరుగెత్తేవాళ్ళు. అందరి మొగుళ్ళూ ఒకే కార్ఖానాలో పలకరాయి కోసినవాళ్ళు, అందరి ఛాతీల్లోనూ ఒకే రాతిపొడి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నవ్వుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పరుగెత్తేవాళ్ళు. కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తితే ఊపిరి సగమే చేరుతోందని ఇంట్లో మొగుళ్ళు గొణిగేవాళ్ళు. మూడేళ్ళలో పది ఇళ్ళ ముందు షామియానాలు లేచాయి. మొగుడు పోయిన ఆడది ఒక్కతి కూడా మళ్ళీ డొంకలోకి రాలేదు. రావాలనుకున్నా కాళ్ళు రావన్నారు. ఇప్పుడు షాయిస్తా ఒక్కతే.

నిజం చెప్పాలంటే ఆమెకు ఆ ఒంటరితనం ఇష్టం. ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి ఆమె పరుగన్నదే ఎరగదు. ముప్పై నాలుగేళ్ళకు కాళ్ళు మళ్ళీ దొరికాయి. చెప్పుల్లేకుండా దుమ్ములో పరుగెత్తుతుంటే మంచుకు తడిసిన మట్టి చల్లగా తగిలేది. కందిపూల మీంచి తేనెటీగలు లేచేవి, గట్టు మీంచి కౌజుపిట్టలు బుర్రున ఎగిరేవి. ఒక కుందేలు రోజూ అదే మలుపులో ఎదురై, దారి తప్పుకోవాలో వద్దో తేల్చుకోలేక నిలబడేది. అక్కడ దగ్గు వినిపించదు. మాత్రల టైము గుర్తు రాదు. వాగు దగ్గర వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం గుండె బరువెక్కేది. మొగుడి కోసం పరుగెత్తుతూ తను సుఖపడుతున్నందుకు ఆమెకు సిగ్గుగా ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పక్కిల్లు సుబ్బయ్యది. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. సుబ్బయ్య అదే కార్ఖానాలో రాళ్ళు మోసేవాడు. కోత మిషన్‌కు కాస్త ఎడంగా ఉండబట్టి దుమ్ము అతనికి ఆలస్యంగా పట్టింది, పట్టాక వదల్లేదు. అతని భార్య రాములమ్మ పరుగెత్తలేదు. ఈ ఊళ్ళ ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి తాగి ఆమె మోకాళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. పిల్లల్లేరు. గోడకు చెయ్యి ఆనించుకుని బాత్రూము దాకా పోవడమే ఆమెకు పెద్ద ప్రయాణం.

ఒకే ఒక్కసారి ఆమె అడిగింది. "షాయిస్తమ్మా, మీ ఆయన తువ్వాలతో పాటు మా ఆయనది గూడా కట్టుకోరాదా? నీకేం బరువు గాదు గదా."

"రెండు కట్టుకుంటే చెరి సగమే పోతాదక్కా," అంది షాయిస్తా. "సగం ఊపిరితో ఇద్దర్లో ఎవరూ బతకరు."

"అదీ నిజమేలే తల్లీ," అని రాములమ్మ బియ్యంలో రాళ్ళేరుకుంటూ ఉండిపోయింది. మళ్ళీ అడగలేదు. కానీ షాయిస్తా పరుగుకు బయల్దేరే వేళకు రోజూ వాకిట్లో కూర్చునేది. ఆమె ముఖంలోకి చూడకుండా దాటిపోవడం షాయిస్తా అలవాటు చేసుకుంది.

కార్తీకం వెళ్ళిన వారంలో రియాజ్ ఆరోగ్యం ఉన్నట్టుండి దిగజారింది. షాయిస్తా ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చినా అతని పెదాలకు రంగు రాలేదు. పది చేసింది. మర్నాడు వాగు దాటి అవతలి చేల దాకా పోయి పన్నెండు చేసింది. ఇంటికొచ్చి చూస్తే అతను పక్కటెముకలు ఎగరేసుకుంటూ గాలిని లాక్కుంటున్నాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈసారి కిలోమీటర్ల మాట ఎత్తలేదు. కృప గడిలో పన్నెండని రాసి, షాయిస్తా కాళ్ళవైపు చూసి, "ఏందక్కా ఇది, రక్తం కారతాంది" అంది.

"ఇంకేం చెయ్యాల చెప్పు కృపా? పధ్నాలుగు చెయ్యాల్నా?"

కృప సంచిలోంచి దూది తీసి ఇచ్చింది. షాయిస్తాకు కుందేలు మీద, కందిపూల మీద కూడా కోపమొచ్చింది. డొంక తన మీద అలిగిందనుకుంది. తను అందులో సుఖపడిన సంగతి దానికి తెలిసిపోయిందనుకుంది. ఆ సిగ్గుకు శిక్షగా ఇంకా గట్టిగా పరుగెత్తింది.

ఆ రోజుల్లోనే సుబ్బయ్య మంచం దిగాడు. గోడ పట్టుకోకుండా నడిచాడు. ఒక పొద్దున ఏకంగా టీ బంకు దాకా పోయి, బెంచీ మీద కూర్చుని అందరికీ తన ఆరోగ్యం గురించి ఉపన్యాసమిచ్చాడు. "కొత్త మాత్రలు బాగా పనిచేస్తాండాయి" అన్నాడు. రాములమ్మ వెంకటేశ్వరస్వామికి ముడుపు కట్టింది.

పన్నెండో రోజు షాయిస్తా పరుగు ముగించి, ఊపిరి ఆడక, రాములమ్మ వాకిట్లోనే కూలబడింది. రాములమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, ఆమె నడుము వైపు చూసి ఆగిపోయింది.

"ఇది మా ఆయన తువ్వాలు గదమ్మా."

"కాదక్కా, ఇప్పుడే ఆయన భుజం మీంచి తీసిచ్చినాడు." ఆయుధపూజకు కార్ఖానాలో అందరికీ ఒకే రకం ఎర్రంచు తువ్వాళ్ళు పంచేవాళ్ళు. ఎవరిదేదో చెప్పడం కష్టం.

"మాదే. ఇదిగో ఈ మూల చినిగితే నీలం దారంతో నేనే కుట్టినా."

షాయిస్తా ముడి విప్పి ఆ నీలం కుట్టును వేలితో తడిమింది. మధ్యగోడ మీద రెండిళ్ళవాళ్ళూ తువ్వాళ్ళు ఆరేస్తారు. రియాజ్ పెరట్లోకి నాలుగడుగులు వేసేది ఆ గోడ దాకానే. రాములమ్మ ముందు అర్థం చేసుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. షాయిస్తా లేచి ఇంట్లోకి పరుగెత్తింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది తువ్వాలు మంచం మీద విసిరేసి.

రియాజ్ రెండు చేతుల వేళ్ళూ చూపించి, మళ్ళీ రెండు వేళ్ళు చూపించాడు.

"నన్నడగకుండా నా ఊపిరి ఎవరికో ఎట్ల ఇచ్చినారు మీరు?"

"అడిగితే... ఇచ్చేదానివా?"

"ఇయ్యను!"

"అందుకే అడగలే."

అతను చాలాసేపు గాలి కూడగట్టుకున్నాడు. మాట మాటకీ మధ్య ఆగుతూ చెప్పాడు. "దుమ్మణిగేదానికి మిషన్ మీద నీళ్ళు పడే పైపు... బంద్ చేయించింది నేనే. బోరు నీళ్ళకు పలక మీద తెల్ల మరకలు పడతాండె. సరుకు వాపసు వస్తాండె. మేస్త్రీని గదా, నాకు మాటొస్తాదని... బంద్ చెయ్యమన్నా. సుబ్బయ్యన్న ఒక్కడే అడ్డం పడినాడు. దుమ్ము లేస్తాంది రియాజూ, నీళ్ళు వదులు, మరకలు నేను తుడుస్తా అన్నాడు. నేను ఇనలే. పలకలు నల్లగా వచ్చినాయి, షాయిస్తా. నిగనిగలాడతా వచ్చినాయి. పది మంది పోయినారు. ఒక్కడు మిగిలినాడు."

"నేనేమైపోవాల?" అని అరిచింది ఆమె. "మీ తప్పు మీరు తీర్చుకుంటే నేనేమైపోవాల?"

అతను ఆ తువ్వాల్లో ముఖం దాచుకున్నాడు. ఏడ్చాడు. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి గనుక అది కూడా సరిగ్గా కుదర్లేదు. షాయిస్తా కొక్కేనికున్న అతని చొక్కా లాగి నడుముకు చుట్టుకుని మళ్ళీ డొంకలో పడింది. అప్పటికే పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తిన కాళ్ళవి. ఎండ పైకొచ్చింది. మంచు ఆరి మట్టి కాలుతోంది. దేవుణ్ణి పేరు పెట్టి పిలిచింది, తిట్టింది, పక్కటెముక కింద పోటును గుప్పిటతో నొక్కి పట్టుకుని పరుగెత్తింది. తీసుకో, తీసుకో అంటూ ప్రతి అడుగునా మొగుణ్ణి బతిమాలింది. వాగులో ఇసక మీద బోర్లా పడి, లేచి, మళ్ళీ వెనక్కి పరుగెత్తింది.

డొంక మొదట్లో షాహిదాబీ నిలబడి ఉంది. నెత్తిన కొంగు జారిపోయి ఉంది. ఆమె అట్లా బయటికి రావడం కోడలు ఎప్పుడూ చూడలేదు.

"చాల్లే బేటీ," అంది ముసలామె. "ఇంక పరుగెత్తొద్దు."

రియాజ్‌ను ఆ సాయంత్రమే మట్టి చేశారు. షాయిస్తా ఇద్దత్‌లో కూర్చుంది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండాలి. ఆమెకూ దాటాలని లేదు. మూల గదిలో చాప మీద పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఉండేది. కాళ్ళ పుండ్లు మానాయి. కోపం మాత్రం అట్లాగే ఉంది. ఎవరి మీదో ఆమెకే తెలియదు. పూటకొకరి మీద.

నాలుగో రోజు నుంచి గోడ అవతల దగ్గు మొదలైంది. ముందు పొడిగా, తర్వాత లోతుగా, తర్వాత ఒకదాని మీద ఒకటి. రాములమ్మ వచ్చి అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? సంగతి తెలిసినప్పటి నుంచి సుబ్బయ్య కూడా, "ఆ అమ్మాయిని ఎవరన్నా అడిగినారంటే నేను మందు మింగి చస్తా" అంటున్నాడని కృప చెప్పింది.

షాయిస్తా ఆ దగ్గు వింటూ పడుకునేది. వింటుంటే ఆమెకు హాయిగా ఉండేది. చావనీ, అనుకునేది. నా మొగుణ్ణి తిన్నాడు, చావనీ. ఆ హాయి ఎంత తియ్యగా ఉందంటే, తొమ్మిదో రోజు ఆమెకే భయమేసి రెండు చెవులూ మూసుకుంది. మూసుకున్నా వినిపించింది. ఆ రోజంతా ఆమె అన్నం ముట్టలేదు.

పదో రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని షాహిదాబీ బురఖా వేసుకుని బయటికి పోయింది. పొద్దు పొడిచాక వచ్చింది. ఆమె చేతిలో మడతపెట్టిన లుంగీ ఒకటుంది, నీలం గళ్ళది. అది రియాజ్‌ది కాదు, గోడ మీద ఆరేసిన సుబ్బయ్యది.

"లెయ్," అంది కోడలితో.

"నేను ఇద్దత్‌లో ఉండా అమ్మీ."

"పీర్ సాహెబ్ ఇంటికి పోయి అడిగొచ్చినా. ప్రాణం మీదికొచ్చిన పనికి పగటిపూట పోయి రావచ్చంట. పొద్దు గూకక ముందు ఇంట్లో ఉండాలంతే. నలుగురూ నోరు చేసుకుంటే నేను చెప్పుకుంటాలే."

"నాతో గాదు. వాడు బతికితే నేను చూళ్ళేను."

"నేను చూడగల్గుతానా?" అంది షాహిదాబీ. ఆమె చాప మీద కూర్చుని కోడలి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "నేను కన్నోణ్ణి. వాడు పైపు బంద్ చేయించిన సంగతి నాకు మొదట్నించీ తెలుసు. నేనే అన్నా, మేస్త్రీ పని పోగొట్టుకోవద్దురా అని. అది నేను యాడ చెప్పుకోవాల? ఆ పన్నెండు దినాలు వాడికి రావాల్సిన ఊపిరంతా ఆ గోడవతల మనిషి ఛాతీలో ఉండాది. మట్టిలో లేదు నా కొడుకు. అక్కడుండాడు. ఆ మనిషి పోతే నాకు వాడు రెండోసారి పోతాడు."

షాయిస్తా ఏడ్చింది. పది రోజుల తర్వాత మొదటిసారి, గట్టిగా, ముక్కు కారేట్టు ఏడ్చింది. ముసలామె ఆపమనలేదు. ఏడుపు దానంతటదే తగ్గాక లేచి లుంగీని పొడుగ్గా మడిచి, కోడలి నడుము చుట్టూ తిప్పి, తనే ముడేసింది.

డొంకలో కాలు పెట్టగానే, ఆ పది మంది ఆడవాళ్ళు చెప్పింది నిజమని షాయిస్తాకు తెలిసింది. కాళ్ళు రాలేదు. పాదాలు మట్టిలో పాతుకుపోయాయి. ఆమె వంగి కుడి తొడను చేత్తో పట్టుకుని ఎత్తి ముందుకు వేసింది. తర్వాత ఎడమది. అట్లా ఓ ఇరవై అడుగులు. కందిచేను మొదలయ్యే చోట ఒక కాలు తనంతట తాను లేచింది. అక్కణ్ణుంచి అది నడక, ఇంకాస్త దూరం పోయాక పరుగు. కోపంతోనే పరుగెత్తింది. సుబ్బయ్యను తిట్టుకుంటూ, రియాజ్‌ను తిట్టుకుంటూ. డొంకకు ఆ తిట్లతో పనిలేదు. కౌజుపిట్టలు లేచాయి.

ఇంట్లో షాహిదాబీ మధ్యగోడ దగ్గరికి పోయి చెవి ఆనించింది. అవతల దగ్గు ఇంకా తెరలు తెరలుగా వస్తోంది. ఆమె కళ్ళు మూసుకుని నిలబడింది. పావుగంటకు దగ్గు ఆగింది. గోడవతల ఒక మనిషి నెమ్మదిగా గాలి పీల్చి, వదిలాడు. మళ్ళీ పీల్చాడు.

"రియాజూ," అంది ముసలామె గోడతో. "మెల్లగా బిడ్డా, మెల్లగా."