మీ అత్త తుడిచిన ఆకు

ఈ ముచ్చట కూడా రాసుకో కోడలా. మీ అత్తా నేనూ మొక్కల నర్సరీలో ఆకులు తుడిచినవాళ్లం. లోడు బయల్దేరే ముందు ప్రతి ఆకు కిందా ఎడమ అరచెయ్యి పెట్టి, పైన తడిగుడ్డతో మెల్లగా ఒక్క లాగు లాగాలి. దుమ్మూ, పిట్టరెట్టా ఏదీ మిగలకూడదు. పని మానేసి ఏళ్లయినా ఆ సంగతి మీ అత్త చేతికి తెలీదు. ఎవరింటికెళ్లినా వాళ్ల కుండీలు తుడిచేసి వస్తుంది.

సాలెపురుగుల చదువు చదువుతున్న నీ కూతురు, ఆమధ్య ఒక కుండీ తెచ్చి మా బాల్కనీలో పెట్టింది. పైన దోమతెర. ఆకు మీద పిట్టరెట్ట. తెల్లగా, మధ్యలో నల్లగా, అంచులు కారినట్టు. అది రెట్ట కాదు, పీత సాలీడు అంది. పీతలా పక్కకి నడుస్తుందట. వల కట్టదట, రెట్టలా పడుంటే ఈగలే వచ్చి వాల్తాయట. ఆ వంశంలో చాలా రకాలున్నాయట, పిల్లప్పుడు ఏది ఏదో తేలదట. ఇంకొక్కసారి కుబుసం విడిస్తే పెద్దదవుతుంది, అప్పుడు తెలుస్తుంది. ఎంత వెతికినా నీ కూతురికి దొరికింది ఆ ఒక్కటే. పరీక్షకి వెళ్తూ, "నానమ్మా, నీ చెయ్యి జాగ్రత్త" అని మరీ చెప్పింది.

ఈగ వాలడం నేను చూశాను. రెట్టకి చేతులొచ్చాయి. ఈగని పట్టుకుని మళ్లీ రెట్టయిపోయింది. ఒళ్లు జలదరించిందనుకో.

ఒక పొద్దున మీ అత్త తెర ఎత్తి నీళ్లు చల్లింది. ఆకు తడిసింది కదా, ఇక చెయ్యి ఆగుతుందా? తువ్వాలుతో ఒక్క లాగు. ఆకు అద్దంలా మెరిసింది. తువ్వాలులో నలిగిన కాళ్లు.

నవ్వకుండా రాయి. పాపం ఆరోజు ఆవిడకి కాఫీ కూడా దిగలేదు. నీ కూతురికి ఫోను చేసి సంగతి నేనే చెప్పాను.

"తాతయ్యా, ఊదితే ఎగురుతుందా?"

ఊదాను. దూదిలా ఎగిరింది. ఉత్త తొడుగు, అది విడిచిన కుబుసం.

"అయితే ఆకుల కింద చూడండి."

చూశాం. పక్క ఆకు కింద వేలాడుతోంది, తడి ఆరని కొత్త రెట్ట, ముందుకన్నా పెద్దది. ఒక్కో కాలూ చాపుతోంది. "దొంగపిల్లా" అంది మీ అత్త, కళ్లు తుడుచుకుంటూ.

నీ కూతురు వచ్చి భూతద్దం పెట్టి రకం తేల్చింది. ఆ పేరు నా నోరు తిరగదు, దాన్నే అడిగి రాసుకో. నర్సరీలో మేం తుడిచిపారేసినవాటిలో రెట్టలెన్నో, కానివెన్నో.

ఇప్పుడు మీ అత్త ఎవరి కుండీ దగ్గర కూర్చున్నా ముందు ఊదుతుంది. కదలకపోతే ఇంకోసారి ఊదుతుంది. అప్పటికీ తుడవదు.